ఒకటి అదనం

సెలవు రోజు ఆఫీసుకు రావడం ఆమెకు కొత్త కాదు. మనుషులు లేనప్పుడే తలుపుల పని చేసుకోవాలి. పిల్లలిద్దరినీ వాళ్ళని చూసుకునే ఆంటీ ఇంట్లో దింపి, కూతురి స్వెటర్ బొత్తాలు సరిచేసి, కొడుకు జేబులో రుమాలు ఉందో లేదో రెండుసార్లు తడిమి చూసి, ఐదింటికల్లా వచ్చేస్తానని మాటిచ్చింది. భర్త పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఐదంటే ఐదే. ఒక్క నిమిషం దాటినా చిన్నవాడు చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చుంటాడు, ఎవరు పిలిచినా లోపలికి రాడు.

మూడో అంతస్తులో ఆమె ఒక్కతే. బయట మబ్బు కమ్మి మూడున్నరకే దీపాలవేళలా ఉంది. కార్పెట్ వాసన, ఎవరో నిన్న వదిలేసిన కాఫీ వాసన. పైకప్పులో గాలి గొట్టం నిద్రలో ఉన్న మనిషిలా గుర్రుమంటోంది.

ఆ భవనంలో తలుపులు, దీపాలు, లిఫ్టు అన్నీ ఎక్కడో క్లౌడ్‌లో ఉన్న సర్వర్ల మాట వింటాయి. అక్కడ ఏమేం ఉండాలో, ఎవరెవరు ఏ తలుపు తీయవచ్చో ఒక ఫైల్లో రాసి, నల్లటి తెర మీద ఒక కమాండు కొడితే చాలు, ఒక టూలు ఆ ఫైలు చదివి రాసింది రాసినట్టు కట్టిపెడుతుంది. టీములో దానికి 'మేస్త్రి' అని పేరు. ఫైల్లో ఉన్నది ఉండాలి, లేనిది ఉండకూడదు. మేస్త్రికి తెలిసింది అంతే. కట్టే ముందు మాత్రం జాబితా చూపిస్తుంది: ఇన్ని చేర్చాలి, ఇన్ని తీసెయ్యాలి, సరేనా? 'అవును' అని రాసి ఎంటర్ కొడితే ఇక వెనక్కి తిరగడం లేదు.

అందుకే టీములో అందరూ తాతగారని పిలిచే పెద్దాయన ఒక అలవాటు పెట్టాడు. ఆ జాబితాను ఇంకొకరికి, ఫోన్లోనైనా సరే, పైకి చదివి వినిపించాకే 'అవును' అనాలి. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఆమె అలా చదువుతుంటే చిన్నవాడు ఒళ్ళోకెక్కి "ఎంటర్ నేను కొడతా, ఎంటర్ నేను కొడతా" అని ఒకటే గోల. ఆమె చదవాలి, వాడు కొట్టాలి. ఇంట్లో అదో ఆట.

ఇవాళ్టి పని చిన్నదే. కొత్తగా చేరిన ఊడ్చే మనిషికి తలుపులు తెరుచుకునేలా ఫైల్లో పేరు చేర్చాలి. ఆమె తన వివరాలున్న ముక్కనే కాపీ చేసి కింద అతికించింది. పేరు, కార్డు నంబరు మార్చబోతుండగా ఫోను మోగింది.

"మీవాడు అన్నం ముట్టనంటున్నాడండీ. మీరొక మాట చెబితే వింటాడేమో," అంది ఆంటీ.

వాణ్ణి బతిమాలి, బెదిరించి, మళ్ళీ బతిమాలి ఫోను పెట్టేసేసరికి పది నిమిషాలు. ఆమె తెర వైపు చూసింది. చేర్చాల్సినవి: 1. అంతేగా. తాతగారు భోంచేసి కునుకు తీస్తుంటారు. ఈ ఒక్క ముక్కకి ఆయన్ని లేపడమెందుకు?

అవును. ఎంటర్.

'చేర్చినవి: 1' అంది మేస్త్రి.

వరండాలో ఎక్కడో తలుపు ఠక్కుమంది. తరవాత అడుగులు. తొందరలో ఉన్న ఆడమనిషి అడుగులు, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ. పోయినేడు మెట్ల మీద పడినప్పటి నుంచి ఆమె కూడా అలాగే నడుస్తోంది. లిఫ్టు కిందికి దిగింది. గార్డు అయి ఉంటాడులే అనుకుంది. గార్డుకి ఆడమనిషి నడక ఎందుకుంటుందని, వరండాలోంచి తను వాడే సబ్బు వాసన ఎందుకొస్తుందని అప్పుడు తోచలేదు.

మిగతా పనులు ముగించి, నాలుగూ నలభైకి బ్యాగు తగిలించుకుని, గాజు తలుపుకి కార్డు ఆనించింది. ఎర్ర దీపం.

'మీరు బయటికి వెళ్ళిపోయారు.'

మళ్ళీ ఆనించింది. మళ్ళీ అదే. ఒకసారి బయటికెళ్ళిన కార్డు లోపలికి రాకుండా ఇంకోసారి బయటికి పోలేదు. ఆ నియమం ఫైల్లో రాసింది తనే. మెట్ల తలుపు దగ్గరికి పరుగెత్తింది. అదీ అదే మాట.

గోడకున్న ఫోనెత్తి కిందున్న గార్డుకి చేసింది. "బాబాయ్, నేను పైనే ఉండిపోయాను. కొంచెం వచ్చి తలుపు తీయవా?"

"ఎవరండీ మీరు?"

"నేనే బాబాయ్! మూడో అంతస్తు."

"మేడమ్ నా కళ్ళ ముందే వెళ్ళారు. చెయ్యి ఊపి, పిల్లలు ఎదురుచూస్తున్నారు బాబాయ్ అని చెప్పి మరీ వెళ్ళారు." అతని గొంతు సన్నబడింది. "ఆ అంతస్తులో ఎవరూ లేరు. నా తెర మీద సున్నా ఉంది. దణ్ణం పెడతాను, ఇంకోసారి ఫోన్ చెయ్యకండి."

సున్నా. మనుషులు లేని అంతస్తుకి దీపాలెందుకు? వరండా చివర ఒకటి ఆరింది. తరవాత ఇంకొకటి. గాలి గొట్టం గుర్రుమనడం ఆపేసింది.

ఆమె చీకట్లో తడుముకుంటూ తన బల్ల దగ్గరికి వచ్చి తాతగారికి చేసింది.

"జాబితా ఎవరికి చదివి వినిపించావమ్మాయ్?" అన్నాడాయన, సంగతంతా విని.

"ఎవరికీ లేదు."

"ఏం చేర్చావో ఇప్పుడు చూడు."

చూసింది. కింద అతికించిన ముక్కలో పేరు మారలేదు. నంబరు మారలేదు. రెండు చోట్లా తనే.

"ఆ రెండోది తీసేసి మేస్త్రిని నడుపు. ఈసారి నాకు చదివి వినిపించు. ఒక్కక్షరం వదలకు."

తీసేసింది. నడిపింది. పైకి చదివింది. "తీసెయ్యాల్సినవి... ఒకటి. పేరు... నాదే. కార్డు... నాదే. ఇప్పుడున్న చోటు..."

"ఊఁ?"

"మూడో అంతస్తు."

ఆయన ఊపిరి వినిపించింది. "అవును అనకు," అన్నాడు గుసగుసగా. "తల్లీ, ఆ కీబోర్డు మీంచి చేతులు తియ్..."

లైను తెగిపోయింది. ఆమె 'కాదు' అని కొట్టి వెనక్కి జరిగింది. జాబితా చెరిగిపోయింది.

పిల్లలు. ముందు పిల్లలు. ఆంటీకి చేసింది.

"అదేంటండీ, ఇప్పుడేగా తీసుకెళ్ళారు? నాలుగున్నరకే వచ్చారు, మీవాడు ఎగిరి గంతేశాడు. రుమాలు ఉందా అని జేబు కూడా చూశారుగా?"

ఆమె ఫోను పెట్టేసింది. ఇంటికి చేసింది. మూడు రింగులకి కూతురు ఎత్తింది.

"అమ్మడూ, నేను... అమ్మని. తమ్ముణ్ణి తీసుకుని పక్కింటికి వెళ్ళిపో. ఇప్పుడే."

"నువ్వెవరు?" అంది పిల్ల. "అమ్మ ఇక్కడే ఉంది. పని చేసుకుంటోంది."

"ఏం పని?"

సమాధానం వినకముందే ఆమె కళ్ళు తెర మీద పడ్డాయి. అక్కడ కొత్త వరస.

'ఈ ఫైలుకి తాళం పడింది. వేరొకరు పనిచేస్తున్నారు. తాళం వేసినది: మీరు. చోటు: ఇల్లు.'

కీలన్నీ నొక్కింది. ఒక్కటీ పలకలేదు. ఆమె నెత్తి మీదున్న చివరి దీపం మినుకుమినుకుమంటోంది.

"అమ్మ ఏదో పైకి చదువుతోంది," అంది కూతురు ఫోన్లో, రహస్యం చెబుతున్నట్టు. "మెల్లగా, ఒక్కో అక్షరం. తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది."

దూరం నుంచి వినిపించింది. తన గొంతే. తొందర లేదు, తడబాటు లేదు. తీసెయ్యాల్సినవి, ఒకటి. ఇప్పుడున్న చోటు, మూడో అంతస్తు.

ఆ వెనకే చిన్నవాడి గోల. "ఎంటర్ నేను కొడతా! ఎంటర్ నేను కొడతా!"

"వద్దు నాన్నా!" ఆమె గొంతు చించుకుని అరిచింది. "వద్దు! కొట్టకు! అమ్మ చెబుతోంది, కొట్టకు!"

అవతల వాడి గోల ఆగింది. పిల్లవాడు విన్నాడు. రెండు ఊపిరుల సేపు వాడేం చెయ్యలేదు.

"అమ్మా," అన్నాడు చివరికి, నిదానంగా. "ఇందాక నేను ఎంటర్ కొట్టినప్పుడు కూడా ఒక అమ్మ ఇలాగే ఏడ్చింది కదా."