పిలిచి చూడండి

బుజ్జమ్మకి ముప్పై నాలుగేళ్లు. ఏ తలుపు వేసేముందైనా "లోపల ఎవరైనా ఉన్నారా?" అని పిలిచే అలవాటు. తనొక్కతే ఉండే ఇంట్లో కూడా.

అది అక్క నేర్పిన అలవాటు. శీతల గిడ్డంగిలో భద్రత చూసేది అక్క. కంపెనీ వికీలో, అంటే పనివాళ్లంతా కంప్యూటర్లో చదివే పేజీల్లో, "తలుపు వేసేముందు పిలిచి చూడండి" అని ఒక్క పేజీలో రాసి, మిగతా పేజీలన్నీ ఆ వాక్యాన్ని అక్కణ్నుంచే తెచ్చుకునేలా పెట్టింది. అక్కడ మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. మేనేజరు దాన్ని తీసేశాడు. పిలుస్తూ కూర్చుంటే లారీలు ఆలస్యమవుతున్నాయట. ఆడదాని పిరికితనమట. ఒక్క దెబ్బకి అన్ని పేజీల్లోంచీ పోయింది. ఆ పేజీలు చదివి పని నేర్చుకున్న కొత్తావిడ, పిలవకుండా తలుపేసింది.

లోపల అక్క.

రేపే విచారణ. ఆ కంపెనీలోనే వికీ పని చూసుకునేది బుజ్జమ్మే.

"ఆ వాక్యం మళ్లీ పెట్టెయ్యమ్మా," అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి. "తీసిన జాడ తుడిపించేశాను."

"తప్పంతా ఆ కొత్తావిడ మీద పడుతుంది కదండీ. జైల్లో వేస్తారు."

"పడనీ. పోయినావిడ తిరిగొస్తుందా? నీ ఉద్యోగం చూసుకో."

కుర్చీ వెనకే నిలబడ్డాడు. బుజ్జమ్మ వేళ్లు అక్క మాటని అక్షరం అక్షరం పేర్చాయి. అద్దాల అవతల గిడ్డంగి యంత్రం సన్నగా మూలుగుతోంది. తడిసిన అట్టపెట్టెల వాసన. మిగతా పేజీలు తెరిచింది.

"తలుపు వేసేముందు పిలిచి చూడండి. నేను పిలుస్తూనే ఉన్నాను."

రెండో వాక్యం తను రాయలేదు. మూల పేజీలో లేదు... మిగతా అన్నిట్లో ఉంది. సెలవుల పేజీలో, క్యాంటీన్ పేజీలో కూడా.

"తీసెయ్..." గుసగుసగా అన్నాడు మేనేజరు.

మూల పేజీనే చెరిపేసింది. మొదటి వాక్యం పోయింది. రెండోది పోలేదు.

యంత్రం ఆగింది. గిడ్డంగి వైపు నుంచి... తట్టిన చప్పుడు. మెల్లగా. అలిసిపోయిన చేత్తో తట్టినట్టు.

మేనేజరు కదల్లేదు. బుజ్జమ్మ పరిగెత్తింది. బరువైన తలుపు లాగింది. ఖాళీ అరలు. చలి.

"అక్కా..."

చీకట్లోంచి, ఎప్పుడూ దెప్పే ఆ గొంతుతోనే, "ఇప్పుడా పిలిచేది, బుజ్జీ?"

మర్నాడు విచారణలో బుజ్జమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఉద్యోగం పోయింది. వడ్రంగిని పిలిపించి ఇంట్లో తలుపులన్నీ ఊడదీయించింది, వీధి తలుపుతో సహా.