మేకల దోవ కేసులో ఇద్దరు ఇంటర్నులు

"నమస్కారం మేడం! నా పేరు చెన్నకేశవ. మీ దగ్గర ఇంటర్న్‌షిప్‌కు వచ్చినా" అంటూ ఆ అబ్బాయి వంగి మరీ విజిటింగ్ కార్డు అందించాడు.

మార్కాపురంలో అడ్వొకేట్ రాజ్యలక్ష్మి గారి ఆఫీసు అప్పుడే తెరిచారు. తెల్ల చుడీదారు మీద నల్ల కోటు వేసుకుని బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఫ్యూచర్ అడ్వొకేట్ అంటే ఏందండీ?"

"అంటే... రేపో మాపో అయ్యేవాణ్ణని మేడం. నెట్‌వర్కింగ్‌కు పనికొస్తాయని కొట్టించినా."

"అయితే ఫ్యూచర్లోనే ఇయ్యండి. లాయర్లు కార్డులు పంచి కేసులు తెచ్చుకోగూడదు, రూలుంది. ఇంకోటి, నేను మేడం గాదు. రంగనాయకి. మీ మాదిరే ఇంటర్న్‌ని. మేడం మీ వెనకాల నిలబడి ఉండారు."

చెన్నకేశవ వెనక్కి తిరిగాడు. రాజ్యలక్ష్మి గారు నవ్వు ఆపుకుంటూ గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు. ఆ రోజంతా అబ్బాయి తల ఎత్తితే ఒట్టు.

అతనిది మార్కాపురమే. తండ్రి చంద్రశేఖరరావుకు బట్టల దుకాణం. కోర్టు గుమాస్తా నుంచి క్యాంటీన్ వంటమనిషి దాకా అందరి నంబర్లూ అతని ఫోన్‌లో ఉంటాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ మాత్రం బుర్రలో ఉండదు. లా డిగ్రీ అవడానికి ఇంకా ఏడాది ఉంది.

రంగనాయకిది రాచర్ల పక్కన పల్లె. తండ్రి మల్లయ్యకు కాస్త మెట్ట చేను, మేకలు. ఫైనలియర్ పరీక్షలు రాసేసి వచ్చింది. కోర్టులో ఆమెకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ మాట ఎవరైనా అంటే, "నేను పని చేస్తే వాళ్ళకే నేను తెలుస్తాలే" అనేది. అనడమే కాదు, అన్నంత పనీ చేసేది.

రాజ్యలక్ష్మి గారు ఆమెకొక పని అప్పజెప్పారు. రంగనాయకి వాళ్ళ పక్క ఊళ్ళోనే వెంకటసుబ్బులమ్మ అనే పెద్దావిడ ఉంది. ఆమె మేకలు కొండకు పోయే దోవ తన చేను గుండా పోతుందని మరిది పిచ్చయ్య అడ్డంగా ముళ్ళకంప వేసేశాడు. కేసు ఏళ్ళ తరబడి వాయిదాల మీద నడుస్తోంది.

"ఈ కేసు లోక్ అదాలత్‌లో రాజీ చేయించు. హైకోర్టులో మా సీనియర్ గారు జూనియర్ కోసం చూస్తున్నారు. నీ పేరు నేనే చెప్తా" అన్నారావిడ.

హైకోర్టు! రంగనాయకికి ఆ రాత్రి నిద్ర పడితేగా. మర్నాటి నుంచి బస్సులూ ఆటోలూ పట్టుకుని ఇద్దరి ఇళ్ళకూ తిరిగింది. చేను నడిమధ్య కాకుండా గట్టు పక్కగా దోవ ఇవ్వడానికి పిచ్చయ్యను ఒప్పించింది. దానికి సుబ్బులమ్మ చేత ఊఁ అనిపించింది.

ఈ తిరుగుళ్ళ మధ్యే ఒక సాయంత్రం కోర్టు వరండాలో వాన పట్టుకుంది. చెన్నకేశవ గొడుగు విప్పి నిలబడ్డాడు.

"ఒక్కటే తెచ్చినారేం?" అడిగింది రంగనాయకి.

"రెండు తెచ్చి ఏం లాభమండీ?"

ఆమె నవ్వు కనపడకుండా పెదవి కొరుక్కుని, చేతిలో ఫైలును అతని గొడుగు కిందకు తోసి, తను వానలో నడుచుకుంటూ బస్టాండుకు వెళ్ళిపోయింది. చెన్నకేశవ గొడుగు కింద ఆ ఫైలుతో మిగిలాడు. నిజం చెప్పాలంటే, ఆ నిమిషం నుంచే అతని పని అయిపోయింది.

అదాలత్ శనివారం. గురువారం మధ్యాహ్నం మేడమూ రంగనాయకీ కోర్టులో ఉండగా సుబ్బులమ్మ ఒక్కతే ఆఫీసుకు వచ్చింది. అక్కడ చెన్నకేశవ ఒక్కడే ఉన్నాడు.

"నాయనా, రాజీ లేకుండా కేసు నడిపిస్తే గెలుస్తామా?"

దుకాణంలో పుట్టి పెరిగిన నోరు అది. రంగు పోదమ్మా గ్యారంటీ, చిరగదమ్మా గ్యారంటీ అని చిన్నప్పటి నుంచి వల్లించిన నోరు. గడపలోకి వచ్చిన మనిషిని నిరాశగా పంపడం దానికి తెలియదు.

"గెలుస్తాం పెద్దమ్మా, గ్యారంటీ!" అనేశాడు.

శుక్రవారం పొద్దున్నే సుబ్బులమ్మ ఫోన్. రాజీ లేదు గీజీ లేదు, కేసే నడిపించండి, మీ ఆఫీసు పిల్లోడే గ్యారంటీ ఇచ్చినాడు అని.

రంగనాయకి ఫోన్ బల్ల మీద పెట్టి అతని వైపు తిరిగింది.

"ఫైలు చదివినారా మీరు?"

"లేదు."

"చదివినోళ్ళు గూడా చెప్పలేని మాట మీరెట్ల చెప్పినారు? ఇది చీర కాదండీ, కేసు!"

"తప్పయింది. ఉండండి, మా నాయనకు రాచర్లలో పెద్దమనుషులంతా తెలుసు. ఫోన్ చేయిస్తే..."

"ఫోన్లు వద్దు!" ఆమె ఫైలు మూసేసింది. "ఆ ఊళ్ళో ఎవరు చెప్పినా వినరు. ఆ మాట ఇచ్చిన మనిషే పోయి చెప్పాల."

ఆ మాట చెన్నకేశవకు సూటిగా తగిలింది. నేరుగా లోపలి గదిలోకి వెళ్ళాడు.

"మేడం, సుబ్బులమ్మకు ఆ మాట చెప్పింది నేను. రంగనాయకి గారి తప్పేమీ లేదు."

రాజ్యలక్ష్మి గారు కళ్ళజోడు తీశారు. "రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు. సర్టిఫికెట్ కూడా ఉండదు. వచ్చే సెలవుల్లో ఇంకో ఆఫీసు చూసుకో."

"రేపటి నుంచి గదా మేడం. ఈ పొద్దు ఇంకా ఇంటర్న్‌నే. రాచర్ల పోయొస్తా."

తలుపు దగ్గర నిలబడి విన్న రంగనాయకి తనూ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

గిద్దలూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దోవంతా తుంపర. వాళ్ళు వెళ్ళేసరికి సుబ్బులమ్మ చావిట్లో మేకలకు ఆకు వేస్తోంది. కంపకు అవతల పిచ్చయ్య ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు. చుట్టుపక్కల వాళ్ళు మూగారు.

"పెద్దమ్మా, నేను లాయర్ని గాదు. ఇంకా చదువుకుంటా ఉండా" అన్నాడు చెన్నకేశవ, అందరికీ వినపడేలా. "నీ కాగితాలు గూడా చూడలే. అంగట్లో అన్నట్టు అనేసినా. నా మాట నమ్మి రాజీ చెడగొట్టుకోవద్దు. పిచ్చయ్య మామా, నీ వదినెది తప్పు గాదు. నాది."

సుబ్బులమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "అయితే పోయిన పండక్కి మీ అంగట్లో తెచ్చుకున్న చీర గూడా ఇంతేనా?"

"రంగు పోయిందా పెద్దమ్మా?"

"పోలా."

"అది మాత్రం నిజమే చెప్పినా."

మూగినవాళ్ళు నవ్వారు. సుబ్బులమ్మ నవ్వలేదు. "మరి నువ్వు చెప్పు పాపా. ఓడిపోతామా?"

"చెప్పలేను పెద్దమ్మా" అంది రంగనాయకి. "గెలవచ్చు, ఓడొచ్చు. ఎన్నాళ్ళు పడతదో ఆ జడ్జి గారు గూడా చెప్పలేరు. రాజీ అయితే మాత్రం రేపు సాయంత్రం నీ మేకలు గట్టెంబడి కొండకు పోతాయి. నాకు తెలిసింది ఇంతే."

సుబ్బులమ్మ చేతిలో మిగిలిన ఆకు మేకలకు వేసింది. తర్వాత కంప దాకా నడిచి, "ఏం పిచ్చయ్యా, ఇంకా అదే మాట మీద ఉండావా?" అంది.

"ఆ మాట మీదనే ఉండా వదినా. పొద్దున్నే కంప తీసేసి కోర్టుకు వస్తా" అన్నాడు పిచ్చయ్య.

శనివారం అదాలత్‌లో వదినా మరిదీ ఇద్దరూ రాజీ కాగితం మీద వేలిముద్రలు వేశారు. రాజ్యలక్ష్మి గారు అక్కడే నిలబడి హైకోర్టు సీనియర్‌కు ఫోన్ చేశారు. రంగనాయకిని సోమవారం వచ్చి చేరమన్నారు. చెన్నకేశవ వరండాలో, స్తంభం పక్కన, ఏ హోదా లేకుండా నిలబడి ఉన్నాడు.

"కంగ్రాట్స్" అన్నాడు. తర్వాత ఇక దాచుకోలేకపోయాడు. "రంగనాయకీ, నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు పోయేలోపల చెప్పకుంటే ఊపిరాడదని చెప్తా ఉండా."

"తెలుసు."

"మరి నీ సంగతి?"

"నీ ఒక్కడికే చెప్తే చాలదు. పద."

రంగనాయకి అతన్ని వెంటబెట్టుకుని సరాసరి చంద్రశేఖరరావు దుకాణానికి వెళ్ళింది. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద ఆయన, పక్కన భోజనం క్యారియర్ విప్పుతూ భార్య సీతామహాలక్ష్మి.

"రామ్మా. ఏం చూపించమంటావు?" అన్నాడాయన.

"చూసేసినానండీ. మీ అబ్బాయిని. నచ్చినాడు."

చెన్నకేశవ పక్కనున్న చీరల బీరువాను పట్టుకున్నాడు.

"నేను రాచర్ల మల్లయ్య కూతుర్ని. హైకోర్టులో జూనియర్‌గా చేరతా ఉండా. అక్కడ నేను నిలదొక్కుకోవాల, ఈయన పరీక్షలు పాసు గావాల. ఆ తర్వాతే పెళ్ళి. ఎవరో చెప్తే మీకు తెలియడం నాకు ఇష్టం లేదు. అందుకే వచ్చినా. మా నాయనకు నిన్న రాత్రే చెప్పినా."

"నిన్ననా?" అన్నాడు చెన్నకేశవ. "నేను అడక్కముందేనా?"

"నువ్వు అడిగేదాకా కాసుకొని ఉంటే నా బస్సు పోతది."

చంద్రశేఖరరావు కొడుకునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "మీ నాయన ఏమన్నాడు తల్లీ?"

"అన్నం తినకుండా పండుకున్నాడు. పొద్దున లేసి, 'ఊరందరి ముందర తప్పు ఒప్పుకున్నోడు ఇంట్లో ఏదీ దాయడులే' అన్నాడు."

ఆయన, వీడు తప్పు ఒప్పుకున్నాడా అని మెల్లగా తనలో తనే అనుకుని, భార్య వైపు చూశాడు.

సీతామహాలక్ష్మి ముఖం ముడుచుకునే ఉంది. "మా ఇంట్లోకి కోడిగుడ్డు గూడా రాదమ్మా."

"మీ ఇంట్లోకి తేను అత్తా. మా ఇంటికి పోయినప్పుడు తినడం మానను. నేను చేయగలిగిన రాజీ ఇది. ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పండి, మళ్ళీ వచ్చి అడుగుతా."

సీతామహాలక్ష్మి క్యారియర్ గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"మరి వీడు మీ ఇంటికొస్తే ఏం తింటాడు?"

"పప్పు. మా అమ్మ బాగా చేస్తది. వేరే గిన్నె గూడా పెడతానంది."

"అందులోకి నెయ్యి?"

"మాది మేకలుండే ఇల్లు అత్తా, బర్రెలు లేవు. నెయ్యి మీరే పంపాల."

సీతామహాలక్ష్మి కొడుకు వైపు చూసి, ఆ అమ్మాయి వైపు చూసి, పరుపు మీద కాస్త పక్కకు జరిగింది.

"పంపుతాలే. కూర్చో."