గాలి కబురుకు దారేది?

“ఫ్రీ ఇంటర్నెట్ అని రాశారు కదా సార్! మరి నా పేజీ చూస్తే డేటా ఎందుకు కోస్తున్నారు?”

సరస్సు ఒడ్డున సెంగా బే చేపల రేవులో ఫోన్ కంపెనీ గొడుగు కింద నిలబడ్డ కుర్రవాడు తింటున్న మండాసి బూరెను నోటిదాకా తెచ్చి ఆపేశాడు.

“ఏ పేజీ మేడమ్?”

“సరస్సు మీద పడవల్ని ముంచే మ్వేరా గాలి ఎప్పుడు లేస్తుందో రోజూ రాస్తాను. పడవలవాళ్ళంతా చూసేవారు. మీ ఆఫర్ వచ్చాక చాటింగ్ ఫ్రీ, ఫొటోలు ఫ్రీ. నా గాలి కబురుకు మాత్రం కిరాయి!”

తదాలా వాతావరణ కేంద్రంలో పనిచేస్తుంది. కోపంగానే వచ్చింది. కానీ ఆ కుర్రవాడు మండాసిని పక్కన పెట్టి, ఫోన్ తీసి, ఆమె పేజీని చివరిదాకా చదివాడు.

“బాగుందే! గాలి వస్తుందని ముందే ఎలా తెలుస్తుంది?”

పోట్లాటకు వచ్చిన మనిషి అరగంట పాఠం చెప్పింది. అతని పేరు లింబని, ఇంజినీరు, ఈ వారం అమ్మకాల డ్యూటీ వేశారు.

“శుక్రవారం సలీమా పట్నంలో ప్రభుత్వం పెట్టిన సభ ఉంది. ఏ కబురునైనా ఒకేలా మోయాలన్న నియమం మొబైల్ నెట్‌వర్కులకూ పెట్టాలా వద్దా అని. నేను వద్దంటాను,” అన్నాడు.

“నేను కావాలంటాను. ఎందుకు వద్దో చెప్పండి చూద్దాం!”

“టవర్ దగ్గరకు వస్తే చూపిస్తాను.”

వెళ్ళింది. వెళ్ళగానే వాన. జనరేటర్ షెడ్డు చూరు కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు.

“తీగల మీద నడిచే నెట్ అయితే, తీగ చాలకపోతే ఇంకోటి లాగొచ్చు. ఆకాశంలో తరంగాలు ఉన్నవే ఉంటాయి, అందరూ పంచుకోవాల్సిందే. అన్నీ సమానమంటే ప్రాణం మీదికొచ్చినవాడి ఫోను కూడా ఫుట్‌బాల్ వీడియో వెనకాల నిలబడాలి,” అన్నాడు లింబని.

“మరి ఏది ముందో ఎవరు చెప్తారు? డబ్బిచ్చినవాడా?”

లింబని జవాబు వెతుక్కుంటూ ఆమె కళ్ళలోకి చూశాడు. ఎంతకీ దొరకలేదు. వెతకడం మాత్రం మానలేదు.

“అటు కాదు, టవర్ వైపు చూడండి,” అంది తదాలా.

మర్నాడు సాయంత్రం మ్వేరా విరుచుకుపడింది. తదాలా పరుగున రేవుకొచ్చేసరికి లింబని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఆమె మేనమామ జైలోసి పడవను లాగుతున్నాడు. వల పోయింది, తెడ్డు విరిగింది. మామ వణికిపోతున్నాడు.

“నా పేజీ చూడలేదా మామా?”

“డేటా లేదమ్మా. ఫ్రీ గ్రూపులో ఎవరో గాలి లేదన్నారు, నమ్మాను. మధ్యలో సాయానికి ఫోన్ చేస్తే ఒక్క కాలూ కలవలేదు. ఊరంతా మ్యాచ్ చూస్తున్నట్టుంది.”

తదాలా, లింబని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

శుక్రవారం సభలో ముందు లింబని లేచాడు. “నియమం పెట్టాల్సిందేనండి. ఏ పేజీ ఫ్రీయో, దేనికి డబ్బు కట్టాలో కంపెనీ తేల్చకూడదు.” పక్కనున్న అతని కంపెనీ మేనేజరు మొహం మాడిపోయింది.

తర్వాత తదాలా లేచింది. “నియమంలో ఒక సందు ఉంచండి. ఆపదలో చేసే ఫోన్‌కు ముందు దారివ్వాలి. ఆకాశంలో తరంగాలకు ఉన్న చోటు కొంచెమే.”

అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుంది. “మీరిద్దరూ ఒకరి కాగితం ఒకరు తెచ్చుకున్నారా ఏం?”

హాలంతా నవ్వింది. తీర్పు నెల తర్వాత చెప్తామన్నారు.

బయటికొచ్చాక తదాలా గొంతు తగ్గించి అడిగింది. “ఉద్యోగం ఉంటుందా?”

“సోమవారం తెలుస్తుంది. నాకు అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది.”

“ఏంటి?”

“బతికినన్నాళ్ళూ నాతో ఇలాగే పోట్లాడతావా?”

మీరు కాస్తా నువ్వయిపోయింది. తదాలా దిద్దలేదు.

“నువ్వు ప్రతిసారీ ఇలా వింటానంటే,” అంది.

వెనకనుంచి ఎవరో దగ్గారు. మామ జైలోసి.

“బాబూ, నీకు మేనమామ ఉన్నాడా?”

“జోంబాలో ఉన్నాడండీ. ఎందుకు?”

“మీ ఇద్దరికే వదిలేస్తే వాదించుకుంటూనే ముసలాళ్ళయిపోతారు. ఆయన్ని పంపు, మన ఆచారం ప్రకారం పెళ్ళి మాటలు మేం మేనమామలం తేల్చేస్తాం. నిశ్చితార్థంలో మార్చుకోవడానికి వస్తూ మంచి కోడిపుంజును తెమ్మను. పెట్ట మా ఇంట్లో ఉంది.”