రెండు వైపులా తెగిన పట్టీ

"మా ఆయన్ని ఎవరో చంపాలని చూస్తున్నారండీ," అంది వచ్చినావిడ, కుర్చీలో కూర్చోకుండానే.

సర్వేయరమ్మ మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపింది. ప్రైవేట్ డిటెక్టివ్ కాకముందు ఆవిడ ఇరవయ్యేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో గుద్దుకున్న కార్లను పరిశీలించే సర్వేయరుగా పనిచేసింది. ఉద్యోగం వదిలేసినా ఆ పేరు ఆవిణ్ణి వదల్లేదు. పక్క బల్ల దగ్గర ఆవిడ అసిస్టెంటు టైపిస్టుగారు అప్పుడే నోట్‌బుక్ తెరిచాడు. ఆవిడ తుమ్మినా రాసుకునే రకం ఆయన.

వచ్చినావిడ స్కూల్ టీచరు. భర్త పళ్ళ డాక్టరు. నెలకో ఆదివారం తన కారు వేసుకుని రేసు ట్రాకుకు వెళ్ళి సరదా తీర్చుకుంటాడు. బహుమతులేమీ లేవు, వేగమే బహుమతి. నిన్న పొద్దున బయలుదేరబోతూ గ్యారేజీలో బ్యాగు జిప్పు తీస్తే హెల్మెట్ పట్టీ గడ్డం దగ్గర రెండు వైపులా కత్తిరించి ఉంది.

"గ్యారేజీ తాళం ఇంట్లోవాళ్ళు కాక ఇంకెవరి దగ్గరుంది?"

"మా తమ్ముడి దగ్గరండీ. మెకానిక్కు. ఆ కారు పని వాడే చూస్తాడు. కిందటి వారమే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఈయన కొన్నది బైకు హెల్మెట్టట. కారుకైతే లోపలి బట్ట మంట అంటుకోనిదై ఉండాలట. కారు రంగుకి సరిపోయిందని ఈయన కొనేశారు. 'బావా, చీర మీదకి జాకెట్టు గుడ్డ కొన్నట్టు కొన్నావేంటి' అని వాడు నలుగురిలో నవ్వాడు. ఈయనకి తల కొట్టేసినట్టయింది."

"ఇప్పుడు?"

"సాయంత్రం ఆరింటికి తమ్ముడి మీద పోలీసులకి కంప్లయింట్ ఇస్తారట. వాడు నేను ఎత్తుకు పెంచినవాడండీ. మామయ్యగారికి బీపీ, ఈ గొడవేదీ ఆయన చెవిన పడనివ్వలేదు."

సర్వేయరమ్మ గోడ గడియారం చూసింది. రెండున్నర.

గ్యారేజీ నేలకు ఆకుపచ్చ రంగు వేసి ఉంది. ఎర్ర హెల్మెట్‌ను సర్వేయరమ్మ వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసింది. వెనక భాగంలో గోరంత ఆకుపచ్చ మరక. లోపలి మెత్తను ఊడదీసి, కింద ఉన్న తెల్లటి పొర మీద బొటనవేలితో నొక్కింది. తర్వాత పట్టీ తెగిన చోటు చూపించింది. రెండు వైపులా అంచు సాఫీగానే ఉంది కానీ, రెండింటి మధ్యలోనూ తెగని నాలుగు పోగులు కుచ్చులా నిలబడి ఉన్నాయి.

"రాసుకోండి," అంది. టైపిస్టుగారు అప్పటికే రాసేశాడు.

గుమ్మం పక్క చెత్త డబ్బాలో పాత గ్యాస్ ట్యూబు రెండు ముక్కలై కనిపించింది. ఆవిడ ఆ ముక్కల్ని తీసి కొసలు చూసింది.

"దీన్నెందుకు కోశారు?"

"మామయ్యగారి అలవాటండీ. ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేశారు. పాతది పారేసేముందు కొయ్యకపోతే ఊరుకోరు."

మెకానిక్కు షెడ్డులో దొరికాడు. "నేనే కొయ్యాలనుకుంటే నా దగ్గర బ్లేడు కత్తి ఉందమ్మా. ఒక్క గీత చాలు," అన్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. "కానీ బావ నమ్మడు."

పెద్దాయన హాల్లో తన కుర్చీలో ఉన్నాడు. పక్కన స్టూలు మీద పేపరు, మందుల డబ్బా, చుట్టి పెట్టిన కొలత టేపు.

"మీ అబ్బాయిగారి హెల్మెట్ మీరెప్పుడైనా చూశారా?"

"ఆ రేసుల మాట నా దగ్గర ఎత్తొద్దని వాడికి ఆరు నెలల క్రితమే చెప్పానమ్మా. వాడు వెళ్ళిన రోజు నాకు ముద్ద దిగదు."

బయటికొచ్చాక సర్వేయరమ్మ, "అడిగినదానికి జవాబు చెప్పలేదు, గమనించారా?" అంది. టైపిస్టుగారు గమనించలేదు. అదీ రాసుకున్నాడు.

అయిదింటికి అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. డాక్టరు చేతిలో కంప్లయింట్ కాగితం ఉంది.

"డాక్టరుగారూ, మిమ్మల్ని చంపాలనుకునేవాడు పట్టీని లోపల, మెత్త చాటున, సగం కోసి వదిలేస్తాడు. ఇక్కడ రెండు వైపులా, గుడ్డివాడికైనా తెలిసేలా కోశారు. ఎందుకు? మీరు దీన్ని పెట్టుకోకూడదని."

పెద్దాయన మొహం పాలిపోయింది. "చంపడమేంటి?" అన్నాడు.

"ఇదిగో, ఈ తెల్ల పొర. తలకి తగలాల్సిన దెబ్బను ఇది అణిగిపోయి తను తీసుకుంటుంది. ఒకసారి అణిగితే మళ్ళీ లేవదు. ఇక్కడ అణిగి, సన్నగా చీలింది. సరిగ్గా దాని పైన గ్యారేజీ నేల రంగు అంటుకుంది. అంటే ఇది గట్టిగా కింద పడింది. పైకి మాత్రం కొత్తదానిలా ఉంది. ఫ్యాక్టరీల్లో ఇలాంటి హెల్మెట్ పట్టీ కోసేసిగానీ పారెయ్యరు, ఎవరైనా బాగుందని ఏరుకుని పెట్టుకుంటారేమోనని. ఏం బాబూ, నీకు తెలుసా ఈ పద్ధతి?"

"లేదమ్మా," అన్నాడు మెకానిక్కు. "మేం అవతల పడేస్తామంతే."

ఆవిడ పట్టీ పక్కన గ్యాస్ ట్యూబు పెట్టింది. పట్టీలో పోగులు మిగిలినచోటే ట్యూబు అంచు మీద కూడా చిన్న బుడిపె ఉంది. "ఒకే కత్తెర. దాని అలుగు మధ్యలో చిన్న సొట్ట ఉంది."

"నా సొరుగులో ఉంది," అన్నాడు పెద్దాయన. "శుక్రవారం మధ్యాహ్నం. వీడు దేన్ని నమ్ముకుని అంత స్పీడుగా పోతాడో ఒక్కసారి చూద్దామని బ్యాగులోంచి తీశాను. చెయ్యి జారింది."

"చెప్పొచ్చుగా నాన్నా?"

"వెళ్ళకుండా కావాలనే పగలగొట్టాననవూ?"

డాక్టరు తల దించుకున్నాడు. అనేవాడే, అనుమానమేం లేదు.

"కోసేస్తే నువ్వే వచ్చి అడుగుతావు, అప్పుడు చెబుదామనుకున్నా. నువ్వు అడగలేదు. ఈ పిల్లాడి మీద పడతావని నేను కల్లో కూడా అనుకోలేదురా."

టీచరు తమ్ముడి భుజం పట్టుకుని ఏడుస్తూనే నవ్వేసింది. నిన్నటి నుంచి మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "నాకెంత హాయిగా ఉందో మీకెవరికీ తెలీదు," అంది. డాక్టరు కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"తప్పు నాదేరా, ఏమనుకోకు," అన్నాడు బావమరిదితో.

"అనుకోనులే బావా. ఈసారి కారు హెల్మెట్టే కొను. రంగు చూడ్డం మాత్రం మానెయ్."

పెద్దాయన టేపు తీసుకుని లేచాడు. "తల కొలత తెలియకుండా ఏం కొంటాడు? కూర్చో." కనుబొమల పైనుంచి చుట్టూ తిప్పాడు. "యాభై తొమ్మిది సెంటీమీటర్లు. తొడిగితే బుగ్గలు నొక్కుకోవాలి. వదులుగా ఉంటే హాయిగా ఉందని మురిసిపోకు. గ్లవ్స్, బూట్లు కూడా మంట తట్టుకునేవే తీసుకో."

"ఇవన్నీ ఎప్పుడు చదివావు నాన్నా? వెళ్ళొద్దంటావుగా?"

"ఇప్పుడూ అదే అంటాను. వింటావా ఏంటి?" టేపు చుట్టేసినా చెయ్యి మాత్రం కొడుకు తల మీదే ఉండిపోయింది. "వచ్చే నెల నేనూ వస్తా. పట్టీ నేనే బిగిస్తాను."