పెన్నులో మిగిలిన గింజలు

“సరిగ్గా నాలుగింటికి విమానాలు లేస్తాయి,” అన్నాడు చీఫ్. “ఏటి అవతల వాళ్ళ ధాన్యం గోదాములు ఒక్కటీ మిగలవు.”

ఏజెంట్ పదకొండు గడియారం చూశాడు. మూడూ నలభై.

మన రేవు గోదాములో బయటపడ్డ విషపు బియ్యం పొరుగు దేశానిదేనని ల్యాబ్ రిపోర్టు. తాగిన నీళ్ళు, పెరిగిన మట్టి గింజలో గుర్తు మిగులుస్తాయట. ఐసోటోపులు లెక్కగడితే పుట్టిన చోటు తెలిసిపోతుందట. శాంపిల్ తెచ్చింది పదకొండే. హమాలీ వేషంలో దూరి, గుల్ల పెన్నును బస్తాలో గుచ్చి లాగాడు.

“ఆ బియ్యం ఇక్కడిదే! విదేశీ ముఠా రెండు దేశాలకీ తంపులు పెడుతోంది,” అని నెమలి ముందే మొత్తుకుంది. నెమలి డబుల్ ఏజెంట్. నల్ల కళ్ళజోడు, ఘుమఘుమలాడే సెంటు, రెండు పాస్‌పోర్టులు. ఎవరు నమ్ముతారు? “పచ్చి అబద్ధం సార్,” అని ఆమెను లాకప్‌లో వేయించింది పదకొండే.

“అన్నట్టు సార్,” అంది ల్యాబ్ కెమిస్ట్, కాగితాలు సర్దుతూ. “ముప్పై గింజల్లో మూడు మాత్రం మన నీళ్ళవి. ఎక్కడో కలిశాయిలే అని పక్కన పెట్టేశాను.”

పదకొండు జేబులోని పెన్ను తడుముకున్నాడు.

కిందటి నెల ఏటి అవతలి బియ్యం ఇదే పెన్నులో తెచ్చాడు. ఆ మిషన్ రద్దయింది. ఎవరూ అడగలేదు, అతనూ దులపలేదు. మొన్న పెన్ను గుచ్చీ గుచ్చగానే నిండితే అనుమానం వచ్చింది కూడా. పోనీలే అనుకున్నాడు. ఆ మూడు గింజలే అసలు శాంపిల్!

చెబితే పదిహేనేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే? కిందటి నెల అవతలి గోదాములో ఒక ముసలి హమాలీ, ఎవరో కొత్తవాడు పాపం అనుకొని, తన భుజం మీది గుడ్డ తీసి ఇతని భుజాన వేశాడు. ఇవాళ కూడా అతను బస్తాలు మోస్తూనే ఉంటాడు. పదకొండుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా పద్దెనిమిది నిమిషాలు కక్కలేక మింగలేక కూర్చున్నాడు.

“సార్, తప్పు నాది. పెన్ను ఖాళీ చెయ్యలేదు. మిగతా ఇరవై ఏడూ పాత గింజలు.”

“ఇప్పుడా చెప్పడం?” చీఫ్ ఫోనందుకున్నాడు. “కోడ్ వర్డ్ వెన్నెల! ఆపండి!”

“మొదటి విమానం రన్‌వే మీద పరుగెడుతోంది సార్!” అంది ఫోనులో గొంతు.

“ఆపవయ్యా బాబూ!”

ఆగింది. సాయంత్రానికి ఆ మూడు గింజల జాడ పట్టుకొని వెళ్తే, ముఠా మొత్తం ఊరి చివరి మిల్లులో దొరికింది.

లాకప్ తాళం పదకొండే తీశాడు. “నన్ను క్షమించండి. మీరు చెప్పింది నిజం.”

నెమలి కళ్ళజోడు సర్దుకుంది. “ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టండి. గూఢచారుల నోటిమాట ఎవరు నమ్ముతారు?”