రాసుకోని కొంగ

పదకొండో కూతపెట్టెకు చెవి ఆనించి మాబున్ని ఇరవై దాకా లెక్కపెట్టింది. లోపల చప్పుడు లేదు. పోయినేడు మొరాయించింది ఈ పెట్టే. మౌనవేళ నడుమ సన్నగా కోకిల గొంతుతో మూలిగి, రెండు గడుల లెక్క చెడగొట్టింది. అందుకని ఈసారి మూత విప్పి, జాలీ మీద చీమలు కట్టిన మట్టిని బ్రష్షుతో దులిపి, తీగ ఊడదీసి, మళ్లీ చెవి పెట్టింది. ఇనుము చల్లగా తగిలింది. హాయిగా అనిపించి రెండో చెవి కూడా ఆనించింది.

ఏడుకు రెండు నిమిషాలు. చుట్టూ కనుచూపు మేర సోలార్ పలకల తోట. నల్లటి పలకలన్నీ ఒక్కసారి కిర్రుమని ఒళ్లు విరుచుకుని తూర్పుకు తిరిగాయి. ఆ కిర్రు ఆమెకు రోజూ ఇష్టమే. ఒక పెద్ద బడిలో పిల్లలంతా ఒకేసారి లేచి నిలబడినట్టు ఉంటుంది.

మూడొందల పదిహేడో గడిలో జనాభా ఒకరు. మనుషులున్న ప్రతి గడిలోనూ పొద్దున, సాయంత్రం పక్షుల కూతలు వినిపించాలన్నది నియమం కాబట్టి, ఆ ఒకరి కోసం పదకొండు పెట్టెలు కూసేవి. వాటిని బాగుచేసే ఉద్యోగం కూడా ఆ ఒకరిదే. ఐదున్నరకు కోకిల, ఆరుకు గోరింకలు, ఆరుంబావుకు పికిలిపిట్ట. ఏ పెట్టెలో ఏ కూత ఎక్కడ గీరుకుపోయి ఉందో మాబున్నికి కంఠతా వచ్చు. నిజం పికిలిపిట్టను మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఏడయింది. రాష్ట్రమంతటా కూతపెట్టెలు ఒక్క క్షణంలో మూగబోయాయి. ఉగాది తర్వాత వచ్చే మొదటి ఆదివారం, ఏడు నుంచి తొమ్మిది దాకా, నిజం పక్షులను లెక్కపెట్టేందుకు ఏడాది మొత్తానికి ఇవే మౌనం పాటించే రెండు గంటలు. నగరాల్లో జనం ఈ నిశ్శబ్దం భరించలేక కిటికీలు మూసి పాటలు పెట్టుకుంటారని విన్నది. గడుల్లో నిలబడిన స్వచ్ఛంద గణకులు మాత్రం ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటూ చెవులు రిక్కిస్తారు. గడికి ఒక్కరే. ఇద్దరుంటే మాట్లాడుకుంటారు, మాటల మధ్య పిట్ట పోతుంది.

మెడలో వేలాడుతున్న వైర్‌లెస్ గరగరమంది.

"పద్దెనిమిది పలుకుతాండాది. పదిహేడూ, యాడుండావమ్మీ?"

మాబున్ని మొహం విచ్చుకుంది. "నిలువుచోట్లోనే ఉండా మామా. నోట్లో ఏంది?"

"ఏమీ ల్యా."

"కరకర ఇనిపిస్తాంది. మిరపకాయ బజ్జీ."

"ఉగ్గానీలోకి రెండు ఏసుకున్నా, అంతే. వాసన గూడా వచ్చిందా ఏంది?"

"నీ పక్కనున్న చెవికొయ్య ఇంటాది జూడు. గుర్తుతెలియని పక్షి ఒకటి అని రాసిపెడతాది."

"రాసిపెట్టనీ తల్లీ," అన్నాడు మద్దిలేటి. "అట్లన్నా నా లెక్కలో ఒకటి పడతాది."

ఇద్దరూ నవ్వారు.

తూర్పున ఆమె గడిని ఆనుకుని ఉన్న మూడొందల పద్దెనిమిదిలో మద్దిలేటి ఉంటాడు. ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసి మానేసిన మనిషి. ఈ సంగతి ఆమెకు తెలియకూడదు. గణకులు పేర్లు చెప్పుకోరాదు, మామూలు రోజుల్లో కలుసుకోరాదు, ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోరాదు. ముందే కూడబలుక్కుని లెక్కలు సర్దుకుంటారని భయం. లెక్క పూర్తయిన సాయంత్రానికే వైర్‌లెస్‌లు వెనక్కి పోతాయి. పేర్లు రెండో ఏడు నోరు జారి బయటపడ్డాయి. మొహాలు మాత్రం ఇప్పటికీ తెలియవు.

ఆరు వసంతాలు, ఏడాదికి రెండు గంటలు. మొత్తం కలిపి పన్నెండు గంటల మనిషి అతను. ఆ పన్నెండు గంటల్నే మాబున్ని మిగతా రోజులన్నింటికీ పొదుపుగా వాడుకుంటుంది. పెట్టెల మీద దుమ్ము దులుపుతూ అతను చెప్పిన ఏదో ఒక మాటను బయటికి తీస్తుంది. కాస్త నవ్వుకుంటుంది. అరిగిపోకుండా మళ్లీ లోపల పెట్టేస్తుంది.

ఈసారి ఆ పొదుపుకు గండం వచ్చింది. పద్దెనిమిదో గడికి వరసగా నాలుగు సున్నాలు. ఐదోది పడితే గడి మూత. కూతలు విని రాసుకునే చెవికొయ్యలు పీకేస్తారు, గణకుడి పేరు కొట్టేస్తారు, వచ్చే ఉగాది నుంచి ఈ రెండు గంటలు కూడా అక్కడ పెట్టెలు కూస్తూనే ఉంటాయి. పదివేల పైచిలుకు గడులతో మొదలైన లెక్క. ఇప్పుడు తెరిచి ఉన్నవి రెండు వేలకు తక్కువే. మాబున్ని గడికి సున్నాలు మూడు.

"ఏమన్నా కనపడిందా మామా?"

"ఒక తూనీగ. రెక్కలుండాయి గదాని అడిగినా. కూడిక ఒప్పుకోల్యా."

కూడిక రాష్ట్రమంతటి లెక్కను కలిపే యంత్రం. ఆడా మగా కాని గొంతుతో, అన్ని వైర్‌లెస్‌లలోనూ ఉంటుంది. అందరి మాటలూ వింటుంది. అవసరమైతే తప్ప పలకదు.

ఎనిమిదయింది. ఫ్లాస్కులోంచి టీ పోసుకుని మాబున్ని నిలబడే తాగింది. మూతలో ఆవిరి సుడి తిరిగింది. ఒక పేడపురుగు పలక నీడలో ఉండను దొర్లించుకుపోతూ ఆమె బూటు దగ్గర ఆగింది. తోవ ఇద్దామని ఆమె కాలు జరిపింది. గాలి పలకల కింద దూరి ఈల వేసినప్పుడల్లా గుండె లేచి పడింది. ప్రతిసారీ గాలే.

ఎనిమిదీ నలభైకి ఆమె తల ఎత్తింది. ఎందుకు ఎత్తిందో తెలియదు. చప్పుడేమీ కాలేదు.

పడమటి నుంచి ఒక కొంగ వస్తోంది. పలకలకు చాలా పైన, తొందర లేకుండా, నాలుగుసార్లు రెక్కలు కొట్టి, కాసేపు ఊరికే తేలి, మళ్లీ కొట్టి. పసుపుపచ్చని ముక్కు. నల్లటి రెక్కల అంచులు. వెనక్కి చాచిన సన్నటి కాళ్లు. తల మీదికి వచ్చినప్పుడు తోక దగ్గర, ఎవరో ఆఖర్న గుర్తొచ్చి అద్దినట్టు, గులాబీ రంగు. ఎర్రకాళ్ల కొంగ. బొమ్మల్లో ఆ గులాబీ ఉంటుంది గానీ ఇంత ఉండదు. మాబున్ని నోరు తెరుచుకుని ఉండిపోయింది. టీ చెయ్యి మీద ఒలికినా తెలియలేదు.

ఈ కొంగకు గొంతు లేదు, కూయదు. చెవికొయ్యలకు ఇది లేనట్టే లెక్క. ఈ పక్షి ఉందని చెప్పగలిగింది రాష్ట్రంలో ఈ క్షణాన ఆమె ఒక్కతే.

వైర్‌లెస్ మీద ఆకుపచ్చ మీట ఉంటుంది, "రాసుకో" అని. చూసినవారు మీట నొక్కి, "రాసుకున్నాను" అని చెప్పి, పక్షి ఏ దిక్కున పోతే ఆ గడికి అప్పగించాలి. అవతలివారు "అందింది, రాసుకోను" అనాలి. ఒక పక్షి ఒకే గడిలో పడాలి. అప్పగింత తేలేదాకా లెక్క ముయ్యరాదు, లెక్క ముయ్యనిదే పెట్టెలు కూయరాదు. మూడేళ్ల కిందట ఒక బాతు రెండు గడుల మధ్య తప్పిపోతే మౌనవేళ నాలుగు నిమిషాలు సాగింది. దానికే నగరాల నుంచి వందల ఫిర్యాదులు వచ్చాయట.

ఆమె బొటనవేలు మీట మీదికి వెళ్లింది. నొక్కితే తన గడి సున్నాలు మూడూ చెరిగిపోతాయి. కొంగ తూర్పుకు పోతోంది. ఆరు నిమిషాల్లో మద్దిలేటి తల మీద ఉంటుంది. అతను దాన్ని చూస్తాడు, "అందింది, రాసుకోను" అంటాడు. ఆ తర్వాత ఆ గొంతు ఇక ఉండదు.

బొటనవేలు వెనక్కి తీసింది.

"పదిహేడు పలుకుతోంది. ఎర్రకాళ్ల కొంగ ఒకటి. తూర్పుకి. రాసుకోలేదు."

"పదిహేడు," అంది కూడిక, "వాక్యం సరిచూసుకోండి."

"సరిచూసుకున్నాను. రాసుకోలేదు."

మద్దిలేటి గొంతు అడ్డొచ్చింది. "ఏమ్మీ, నిద్ర చాల్లేదా? రాసుకోని అప్పగింత యాడన్నా ఉండాదా?"

"నీకు కనపడతాది మామా. తల పైకెత్తి పెట్టుకో. నువ్వు రాసుకో."

"నీకు మూడు సున్నాలుండాయి గదే!"

"నాలుగోది గూడా పడనీ. నాకింకా ఒక ఏడుంటాది. నీకు ల్యా."

అవతల ఊపిరి వినిపిస్తోంది. మాబున్ని చెవిని వైర్‌లెస్‌కు నొక్కిపెట్టుకుంది. ఒక నిమిషం. మూడు. ఐదు.

"అబ్బా," అన్నాడు మద్దిలేటి. చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. "వచ్చెనమ్మీ. ఈ ఎండలో ఆ రంగు జూడు... మా ఇంటిది పెండ్లిలో కట్టిన చీర అంచు ఇదే రంగు."

"మీట నొక్కు మామా."

"నొక్కను."

"మామా!"

"ముప్పై రెండేండ్లు టికెట్లు కొట్టినా. ఒకరి టికెట్టు మీద ఇంకొకరిని ఎక్కించల్యా."

"ఇప్పుడు నీతులు చెప్పొద్దు నాకు!" ఆమె అరిచింది. "తొమ్మిదికి పావుగంట గూడా ల్యా. నీ గడి మూస్తే నేనెవరితో మాట్లాడాల?"

ఈసారి అతనికి నిండు బస్సులో అందరికీ వినపడేట్టు చెప్పే గొంతు వచ్చింది. "ఇనుకో. బస్సులో ఒక్కడున్నా ట్రిప్పు షీటు ముయ్యగూడదు. దిగాల్సినోడు దిగాల, అప్పుడే షీటు. ఈ కొంగని మనం దింపకుంటే?"

ఆమెకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఈలోపే అతను అనేశాడు.

"పద్దెనిమిది పలుకుతాండాది. ఎర్రకాళ్ల కొంగ ఒకటి. తూర్పుకి. రాసుకోలేదు."

పంతొమ్మిదిలో ఎవరో ఆడమనిషి. ఆ గొంతు మాబున్ని ఎప్పుడూ వినలేదు. "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి," అంది. మద్దిలేటి మళ్లీ చెప్పాడు. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత ఆవిడ, తనలో తాను అనుకున్నట్టు, "మాకూ నాలుగే," అంది. ఇంకాసేపటికి: "కనపడింది. తూర్పుకి. రాసుకోలేదు."

తొమ్మిదయింది.

మాబున్ని పదో పెట్టె దగ్గరికి పరిగెత్తింది. తొమ్మిది కొట్టగానే దాని నుదుట చిన్న దీపం వెలిగి గోరింకలు మొదలవ్వాలి. దీపం వెలగలేదు. చెవి పెట్టింది. ఇనుము ఇప్పుడు వెచ్చగా ఉంది. లోపల ఏమీ లేదు.

"మౌనవేళ ముగియవలసి ఉంది," అంది కూడిక, అన్ని గడుల్లోనూ ఒకేసారి. "తేలని అప్పగింత ఒకటి. పక్షి ఎవరిది?"

ఎక్కడో ఇరవైలో ఒక ముసలి గొంతు దగ్గి, "తూర్పుకి. రాసుకోలేదు," అంది.

"మొదట చూసిన గడి మూడొందల పదిహేడు. పదిహేడు మీట నొక్కితే లెక్క ముగుస్తుంది. ఆ గడికి ఒకటి జమ అవుతుంది."

ఆకుపచ్చ మీట ఆమె అరచేతిలో మెరుస్తోంది. ఎంత తేలిక. మాబున్ని వైర్‌లెస్‌ను మెడలోంచి తీసి, మీట లోపలి వైపుకు తిప్పి చొక్కా జేబులో పెట్టుకుంది.

"అమ్మీ," అన్నాడు మద్దిలేటి జేబులోంచి. "తొమ్మిది దాటినాక నిలువుచోటు ఇడవొచ్చు గదా?"

"ఇడవొచ్చు. గడి దాటగూడదు."

"దాటొద్దులే. మన హద్దురాయి కాడికొస్తావా? నువ్వు నీ పక్కన, నేను నా పక్కన. ఒక బజ్జీ మిగిలింది."

ఆమె నడిచింది. రెండు కిలోమీటర్లు, పలకల వరసల మధ్య. ఆరేళ్లుగా తొమ్మిది తర్వాత ఈ దారి ఎట్లా ఉంటుందో పెట్టెల గోలలో ఆమెకు తెలియలేదు. ఇప్పుడు తన బూట్ల చప్పుడు, ఎండుగడ్డి చిటపట, గొంతులో తన ఊపిరి. జేబులో ఇరవై రెండు రాసుకోలేదు. ఇరవై మూడు రాసుకోలేదు. గొంతులు దూరమవుతున్న కొద్దీ యాస మారుతోంది. కొందరు భయంగా, ఒకరు నవ్వుతూ. కూడిక ప్రతి గడి తర్వాతా అదే ప్రశ్న వేస్తోంది. నగరాల్లో ఏం జరుగుతోందో అనుకుంది. కిటికీలు మూసుకున్నవాళ్లు ఇక అయిపోయి ఉంటుందని తెరిచి, ఏమీ వినపడక, వీధిలోకి వచ్చి పైకి చూస్తూ ఉండొచ్చు.

హద్దురాయికి అవతల ఒక సైకిలు ఆగి ఉంది. పక్కన పొట్టి మనిషి. ఆ గొంతుకు సరిపడా ఎత్తు లేడు. ఖాకీ చొక్కా, భుజాన పాత తోలు సంచీ, తెల్లటి బుర్రమీసాలు. ఆమె మీసాలు ఊహించలేదు.

"ఇంత పొడుగున్నావేందమ్మీ!" అన్నాడు అతను.

ఆమె నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది. అతను చూడనట్టు సంచీలోంచి డబ్బా తీసి, మూత తిప్పి, మిగిలిన బజ్జీని రాయి మీదుగా చాచాడు. తను గడి దాటకుండా, చెయ్యి ఒక్కటే దాటేట్టు.

"అందింది," అంది మాబున్ని.

"రాసుకున్నావా?"

"రాసుకోలేదు."

బజ్జీని రెండు ముక్కలు చేసి ఒకటి వెనక్కి ఇచ్చింది. చల్లారిపోయింది గానీ అంచులు ఇంకా కరకరలాడుతున్నాయి. రాయికి ఇటు ఒకరు, అటు ఒకరు నములుతూ నిలబడ్డారు. రాయి పక్కనే పాతిన చెవికొయ్య మీద చిన్న దీపం మినుక్కుమంది.

ఆమె జేబులోనూ అతని మెడలోనూ కూడిక ఒకేసారి పలికింది. ఆరేళ్లలో ఎన్నడూ లేనిది, మాటకు ముందు కాస్త తడబడింది.

"హద్దు దగ్గర గుర్తుతెలియని పక్షులు రెండు. ఏ గడివి?"

మద్దిలేటి ఆమె వైపు చూశాడు. ఆమె నమలడం ఆపలేదు. చాలా దూరం నుంచి, గరగరలో సగం మునిగిపోతూ, ఇంకో గొంతు వచ్చింది.

"ఇరవై ఏడు పలుకుతోంది. ఎర్రకాళ్ల కొంగ ఒకటి. తూర్పుకి."