నోరు తెరిస్తే ఈల

టీ కెటిల్ ఈల వేసిందనుకుని కోడలు వంటింట్లోకి పరుగెత్తింది. తీరా చూస్తే పొయ్యి మీద కెటిలే లేదు. ఈల వేస్తున్నవి అత్తగారి చెవులు.

బల్ల దగ్గర కూర్చుని కొడుకుతో ఏదో చెప్పబోయిన అత్తగారు, చిరాగ్గా రెండు చెవుల్లోంచీ వినికిడి మిషన్లు పీకి గుడ్డసంచీలో పడేసింది.

"పెట్టుకుంటే కూత, తీస్తే మూత! దీనికంటే చెవిటిదానిలా పడుండటమే నయం."

మిషన్లు మంచివే. తంటా అంతా వాటి కొసన, చెవిలోపల ఇమిడే అచ్చులతోనే. ఎవరి చెవికి వారికి కొలత తీసి పోసే మెత్తటి ముక్కలవి. సరిగ్గా పట్టకపోతే సందులోంచి శబ్దం బయటికొచ్చి మిషను కూస్తుంది. ఈ సంగతి కోడలికి తెలియంది కాదు. ఆమె కొలువే చెవుల క్లినిక్కులో, బిల్లుల కిటికీ వెనక. ఏ అచ్చు ఎందుకు చేయాల్సొచ్చిందో చూసి, తగిన కోడు వేసి ఇన్సూరెన్సు వాళ్ళకు పంపాలి. పోయినదానికి ఒక కోడు, విరిగినదానికి ఒకటి, పట్టనిదానికి మరొకటి. కోడు తప్పితే క్లెయిము వెళ్ళినంత వేగంగా తిరిగొస్తుంది.

లిఫ్టులు బాగుచేసే భర్త బూట్లు తొడుక్కుంటూ సలహా పారేశాడు.

"పోయాయని రాసి పంపెయ్యరాదూ? కొత్తవిస్తారు, పీడా వదిలిపోతుంది."

"పోలేదుగా! ఆపకుండా పడేశారు, సంచీలోంచి కూస్తున్నాయి, మీకు వినపడటంలేదూ?"

"ఆ కిటికీలో కూర్చున్నది నువ్వే. మా అమ్మకి రెండు అచ్చులు తెప్పించలేవా?"

"పట్టలేదని రాయమంటే ఈ క్షణమే రాస్తాను. కానీ ఎందుకు పట్టలేదని అడుగుతారు. క్లినిక్కులో పెట్టి చూసినప్పుడు చక్కగా అతుక్కున్నాయి, కిక్కురుమనలేదు. ఇంటికి రాగానే మొదలు! కారణం నాకే అంతుబట్టలేదు. ఉన్నవాటిని పోయాయని రాసి, రేపు నిజంగా పోతే ఏ మొహం పెట్టుకుని అడగను?"

అత్తగారికి ఈ మాటలేవీ అందలేదు. కోడలి తల అడ్డంగా ఊగడం మాత్రం కనిపించింది. ఆవిడకి అది చాలు.

"అర్థమైందిలే. నాకోసం ఒక్క ముక్క రాయడానికి దీనికి చెయ్యి రాదు. సాయంత్రం నన్ను పెద్దమ్మాయి ఇంట్లో దింపెయ్, నాయనా. కొన్నాళ్ళు కాదు, ఇక అక్కడే ఉంటాను" అని విసవిసా గదిలోకి వెళ్ళి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

ఏళ్ళ తరబడి కుట్టు దుకాణం నడిపిన మనిషి అత్తగారు. కత్తెర ఆగినా నోరు ఆగేది కాదు. పెళ్ళైన కొత్తలో ఆ వాగుడుకి తలనొప్పి వచ్చేదిగానీ, ఇప్పుడు అది లేకపోతే కోడలికి ముద్ద దిగదు. కొత్త అచ్చులొచ్చినప్పటినుంచీ ఆవిడ ప్రతి మాటా సగంలో మింగేస్తోంది. ఇల్లంతా బావురుమంటోంది. ఇక మనిషే వెళ్ళిపోతే?

క్లినిక్కుకి ఆలస్యమవుతుందని ఫోను చేసి, కోడలు సంచీలోంచి మిషన్లు తీసుకుని అత్తగారి ఎదురుగా మంచం మీద కూర్చుంది. పెట్టుకోమని సైగ చేసింది. ఆవిడ కాసేపు బెట్టు చేసి పెట్టుకుంది.

"నేను వద్దన్నది అచ్చుల్ని కాదత్తయ్యా, అబద్ధాన్ని. మీరు వెళ్ళిపోతే నాకు ఈ ఇంట్లో ఏమీ తోచదు. ఇప్పుడు మీరు తిట్టాలనుకున్నవన్నీ తిట్టండి."

అత్తగారు అన్నీ విన్నది. మిషన్లు చప్పుడు చేయలేదు. ఆవిడ నోరు తెరిచింది.

"నువ్వా నాకు చెప్పేది! ఆ రోజు క్లినిక్కులో నలుగురి ముందూ..."

కుయ్‌ మంది. ఆవిడ ఆగింది. కూతా ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ కుయ్. గుమ్మంలో నిలబడ్డ కొడుకు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. కోడలు మాత్రం నవ్వలేదు.

"ఒక్క క్షణం నోరు మూయండత్తయ్యా!"

"ఏమిటే కూశావ్?" కుయ్.

"అయ్యో, తిట్టు కాదు! మూసి, తెరిచి చూడండి. నోరు కదిపితేనే కూస్తున్నాయి. కొలత తీసేటప్పుడు ఏమైనా మాట్లాడారా?"

"ఎలా మాట్లాడతాను? 'మా అత్తగారికి ఏదైనా రెండుసార్లు చెప్పాలి' అని నలుగురిలో అన్నావు. ఒళ్ళు మండి మూతి బిగించుకుని కూర్చున్నాను. దవడ ఆడించమని కొలత తీసే పిల్ల ఒకసారి అడిగింది. కళ్ళెర్రజేశాను. నీ అత్తగారినని జంకి మళ్ళీ అడగలేదు. అచ్చులు పెట్టి చూసిన రోజూ అలక తీరక నోరు విప్పలేదు."

కూతల మధ్యే ఇంత చెప్పి, ఆవిడే ఠక్కున ఆగి నుదురు కొట్టుకుంది.

"ఓసి నా మతి మండా! పొట్ట లోపలికి లాక్కుని కొలతలిచ్చినవాళ్ళని ఎంతమందిని కేకలేశాను! 'ఊపిరి వదలండమ్మా, లేకపోతే కూర్చోగానే గుండీలు ఎగిరిపోతాయి' అని. చివరికి నేనే ఊపిరి బిగబట్టి కొలతిచ్చానన్నమాట!"

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుకి రెండు చెవులూ పోటీపడి కూశాయి. ఆ కూతకి ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు.

"ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది, అత్తయ్యా" అంది కోడలు, నవ్వు తగ్గాక.

అత్తగారు పెద్దమ్మాయి ఇంటి సంగతి మళ్ళీ ఎత్తలేదు. చెప్పులేసుకుని కోడలి వెంట క్లినిక్కుకి బయల్దేరింది.

క్లినిక్కులో కొలతలు తీసేది అందరూ అచ్చులమ్మాయి అని పిలిచే పిల్ల. జరిగింది విని నాలిక కరుచుకుంది. ఈసారి మొహమాటపడలేదు.

"మామ్మగారూ, చెవుల్లో కొలత తీసే ముద్ద నింపాక మీకేమీ వినపడదు. గట్టిపడేదాకా మీరు మాత్రం మాట్లాడుతూనే ఉండాలి."

కోడలు తన కిటికీ దగ్గర కూర్చుని, పట్టనిదానికి వేసే కోడు వేసి, కారణం దగ్గర 'దవడ కదిలితే అచ్చు వదులవుతోంది' అని కొడుతోంది. లోపల గదిలోంచి అత్తగారి గొంతు మొదలైంది. తన గొంతు తనకే వినపడని మనిషి కదా, రహస్యం చెబుతున్నాననుకుంటూ వీధి వినేలా అరుస్తోంది.

"నా కోడలుందే, ఉత్త మొండిది. అబద్ధం రాయమంటే చస్తే రాయదు! కానీ పిల్లా, నా కడుపున పుట్టినవాళ్ళు కూడా నన్నంత కనిపెట్టుకుని ఉండరు. పెద్దమ్మాయి ఇంటికి పోతానన్నాను గానీ, దాన్నొదిలి నేనుండగలనా? రెండో రోజుకే తిరిగొచ్చేదాన్ని. ఈ మాట దానికి మాత్రం చెప్పకు, నెత్తినెక్కి కూర్చుంటుంది!"

వరసలో కూర్చున్నవాళ్ళంతా కిటికీవైపు చూసి ముసిముసిగా నవ్వారు. కోడలికి తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నిండాయి.

కాసేపటికి అత్తగారు చెవులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. పాత అచ్చులే మళ్ళీ తగిలించుకుని, అందరి మొహాలూ అనుమానంగా చూసింది.

"ఏమే, మరీ గట్టిగా మాట్లాడానా ఏమిటి?" కుయ్.

ఉన్నదున్నట్టు తప్ప రాయని కోడలు, తడి కళ్ళతో తలెత్తి అత్తగారి మొహంలోకి చూసింది.

"లేదత్తయ్యా. ఒక్క ముక్క వినపడితే ఒట్టు."